అరువు నాలుక

కమిషనర్ గారు అల్లం టీ తెప్పించగానే వీరవేణికి గుండెల్లో రాయి పడింది. అంకాలపేట పురపాలక సంఘంలో ఆవిడ ఎన్నేళ్ళుగానో పనిచేస్తోంది గానీ, అంతవరకూ ఆ గదిలో ఆవిడని ఎవరూ కూర్చోమనలేదు, మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. అలాంటిది కుర్చీ చూపించి, టీ ఇచ్చి, పైగా అందులో అల్లం వేయించారంటే ఊరికే వేయించరు కదా. మేకకి పూలదండ వేసేది ముద్దొచ్చి కాదని తెలియనంత వెర్రిబాగులది కాదావిడ.

వీరవేణి ఇంటింటి సేవా విభాగానికి సూపర్‌వైజరు. పేరుకి విభాగమే గానీ, ఉన్నదల్లా పదిమంది ఆయాలు, రెండు చక్రాల కుర్చీలు, తోస్తే తప్ప కదలని ఒక ఆటో. ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళకి ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, ముద్ద తినిపించడం వీళ్ళ పని.

"ఇక మీ కాళ్ళ మీద మీరు నిలబడాలమ్మా," అన్నారు కమిషనర్ గారు. "ప్రభుత్వం జీతాలిచ్చే స్థితిలో లేదు. మీరంతా కలిసి ఒక సంఘం పెట్టుకోండి. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. ఇచ్చుకోగలిగినవాళ్ళ దగ్గర తీసుకోండి, లేనివాళ్ళకి ఊరికే చెయ్యండి. మిగిలింది మళ్ళీ సేవకే పెట్టండి. వచ్చే ఉగాదికి పైనుంచి కమిటీ వచ్చి చూస్తుంది. నిలబడితే సరే."

"లేకపోతేనండి?"

"ఏదో కంపెనీకి అప్పగిస్తారు. వాళ్ళు డబ్బులిచ్చే ఇళ్ళకే వెళ్తారు. టీ తాగండి, చల్లారిపోతుంది."

వీరవేణి ఆ టీ కింద పెట్టేసింది. డబ్బులివ్వలేని ఇళ్ళు అనగానే ఆవిడ కళ్ళ ముందు తాతబ్బాయి మేస్త్రి మంచం కనిపించింది.

ఒకప్పుడు తాతబ్బాయి చెయ్యి ఖాళీ లేదంటే పెళ్ళి ముహూర్తాలు మార్చుకునేవారు. వీరవేణి పెళ్ళికి వండింది కూడా ఆయనే. ఆ రోజు బంతి కూర్చోబోతుండగా సాంబారు అడుగంటిందని తెలిసి, "నా పందిట్లో ఈ కూడు వడ్డించడానికి వీల్లేదు" అని గుండిగ మొత్తం కాలవలో పోయించేశాడు. మగపెళ్ళివారు చిందులు తొక్కినా చలించకుండా మళ్ళీ పొయ్యి వెలిగించాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. మాట పోయింది, ఎడమచెయ్యి తప్ప ఏదీ కదలదు. మింగలేడని పొట్టలోకి గొట్టం వేశారు. జిల్లా అంతటికీ విందులు పెట్టినవాడికి ఇప్పుడు రోజూ జావే, అదీ నాలుకకి తగలకుండా. భార్య పోయింది, పిల్లల్లేరు. సంఘం నిలబడకపోతే ఆయన మంచం దగ్గరికి వెళ్ళే మనిషే ఉండదు. వీరవేణికి మిగతా గొడవలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

* * *

వీరవేణి ఆడపడుచు దమయంతి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పెళ్ళి మాటెత్తితే చాలు, ప్రయోగశాలలో దూరి తలుపేసుకుంటుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనుషుల గురించి వింటుంటాం. ఈ పిల్ల ఏకంగా ఆ పనికి ఒక యంత్రమే తయారుచేసింది.

చూడటానికి రెండు వాచీ పట్టీలు. ఒకటి వీరవేణి మణికట్టుకి, రెండోది తన అన్నయ్య సత్తిబాబు మణికట్టుకి కట్టింది దమయంతి. సత్తిబాబు ఆర్టీసీ కండక్టరు. సెలవు రోజు కదాని లాక్కొచ్చి కూర్చోబెట్టారు. చిన్న పచ్చదీపం వెలిగింది.

వీరవేణి గుండెల మీద చెయ్యేసుకుంది. "గుండెల్లో మంటగా ఉంది దమయంతీ. పుల్లటి తేన్పులొస్తున్నాయి. నేను పొద్దుట్నించీ మజ్జిగ తప్ప ఏమీ తాగలేదే." ఒక్క క్షణం ఆగి మొగుడి వైపు తిరిగింది. "బజ్జీలు తిన్నారా?"

సత్తిబాబు సమాధానం చెప్పే స్థితిలో లేడు. రెండు మోకాళ్ళూ పట్టుకుని మొహం చిట్లించి కూర్చున్నాడు. "ఏంటే ఈ నెప్పి. లేవలేకపోతన్నాను."

"అది వదినదే అన్నయ్యా," అంది దమయంతి. "ఒకళ్ళ ఒంట్లోది ఇంకొకళ్ళకి తెలుస్తుంది. నొప్పి, దాహం, దురద, కోపం, నాలుక మీద రుచి. అటూ ఇటూ కూడా. మనసులో మాట మాత్రం రాదు."

"రోజూ ఇంత నెప్పితోనా నువ్వు తిరిగేది?" అన్నాడు సత్తిబాబు మెల్లిగా. "చెప్పలేదేం?"

"అడిగారా?" అంది వీరవేణి.

మర్నాటి నుంచి సత్తిబాబు ఇల్లు తుడవడం, పొద్దున్నే పప్పు పడెయ్యడం మొదలుపెట్టాడు. బజ్జీలు మాత్రం మానలేదు. పట్టీ తీసేసినా అవతలి మనిషి వాసన ఒంటికి ఒక పూట అంటుకునే ఉంటుందనీ, దానికింకా మందు కనిపెట్టలేదనీ దమయంతి తర్వాత తీరిగ్గా చెప్పింది.

ఆయాలందరికీ తలో జత పట్టీలొచ్చాయి. మాటలేని ఒక ముసలమ్మ వారం రోజులుగా ఏడుస్తుంటే పెద్ద డాక్టర్లకి అంతుపట్టలేదు. లోవకుమారి అనే ఆయా పట్టీ కట్టుకోగానే వీపు గోక్కుని, ముసలమ్మ రవిక విప్పి, లోపల కుట్టు ఊడి గుచ్చుకుంటున్న హుక్కు తీసేసింది. ఏడుపు ఆగిపోయింది. ఊళ్ళో మంచి పేరొచ్చింది. కాకపోతే ఆయాలు ఇంటికెళ్ళేటప్పుడు ఒకళ్ళు కుంటుతూ, ఒకళ్ళు దగ్గుతూ, ఇంకొకళ్ళు ఊరికే కోడలి మీద కోపగించుకుంటూ వెళ్ళేవాళ్ళు. కోడలు లేని ఆయా కూడా.

తాతబ్బాయికీ కట్టి చూశారు. పొద్దెక్కాక రోజూ దవడ కింద ఏదో నొక్కినట్టుండేది, ఎడమచెయ్యి దురద పెట్టేది. పంటినొప్పి అనుకుని డాక్టరుని తీసుకొచ్చారు. పళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. చేతికి మందు రాశారు. దవడ మళ్ళీ మర్నాడు అదే వేళకి నొక్కింది. మళ్ళీ డాక్టరుని పిలిస్తే ఆయన వీళ్ళ పళ్ళు కూడా చూస్తానన్నాడు. ఇక ఊరుకున్నారు.

* * *

పేరొచ్చింది గానీ రాబడి రాలేదు. మంచి పనికి దండం పెట్టే చేతులు వేరు, జేబులోకి వెళ్ళే చేతులు వేరు. ఆ గండం గట్టెక్కింది మిల్లు రాజుగారి ఇంట్లో, అదీ ఒక బొబ్బట్టు వల్ల.

రాజుగారు రైసుమిల్లు యజమాని. తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. అంతకుముందే ఒళ్ళంతా షుగరు. తీపి నాలుకకి తగిలి పన్నెండేళ్ళయిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆయన దగ్గర లోవకుమారికి డ్యూటీ. పట్టీ ఉండగా ఏమీ తినకూడదన్నది దమయంతి పెట్టిన మొదటి నియమం. చదువుకున్న పిల్ల, పాపం, రాజుల ఇళ్ళ మర్యాదలు లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఇళ్ళల్లో మనిషి తినకుండా గడప దాటితే అప్రతిష్ఠ.

"ఒక్కటి తినండమ్మా," అంది రాజుగారి కోడలు సుభద్రమ్మ, నెయ్యి ఓడుతున్న బొబ్బట్టు పళ్ళెంలో పెట్టి.

"డ్యూటీలో తినకూడదండి."

"మా ఇంటికొచ్చి తినకుండా వెళ్తారా? సగం తినండి."

"వద్దండి, మా సూపర్‌వైజర్ గారు కేకలేత్తారండి."

"తినకపోతే నా మీద ఒట్టే."

రెండుసార్లు కాదంటే మొహమాటం, మూడోసారి కాదంటే తగాదా. లోవకుమారికి తగాదాలు పడవు. నోట్లో పెట్టుకుంది.

పక్క గదిలోంచి రాజుగారు గట్టిగా కేకపెట్టారు. "నెయ్యి. వేడిగా ఉంది. యాలకులు కూడా వేశారు."

ఇంటిల్లిపాదీ పరిగెత్తారు. ఆయనకి సంధి పుట్టిందనుకున్నారు. రాజుగారు కళ్ళు మూసుకుని, ఖాళీ నోరు నములుతూ, చెంపల మీద నీళ్ళు కారిపోతుండగా, "ఆ అమ్మాయిని ఇంకోటి తినమనండి," అన్నారు.

ఇక చూడండి. వారం తిరక్కుండా ఊరంతా పాకిపోయింది. షుగరు ఉన్నవాళ్ళు కాజాలకీ, బీపీ ఉన్నవాళ్ళు ఆవకాయకీ, పళ్ళూడినవాళ్ళు జంతికలకీ ఆయాల్ని పిలవడం మొదలెట్టారు. దానికి వంతు భోజనం అని పేరు కూడా స్థిరపడింది. తినడానికి జీతమిచ్చే ఉద్యోగం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆయాలు మురిసిపోయారు. సంఘానికి రెండు కొత్త ఆటోలొచ్చాయి. పేపర్లో ఫోటో పడింది. కమిషనర్ గారు ఈసారి టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టించి, "కమిటీ ముందు దీన్నే చూపించాలి వీరవేణి గారూ," అన్నారు. అమ్మా పోయి గారూ వచ్చింది.

వీరవేణి కూడా పొంగిపోయింది, ఎందుకు దాచాలి. ఆ పొంగులో చూసుకోనిదేమిటంటే, ఎక్కడెక్కడి ఆయాలూ విందుల వైపే వెళ్ళిపోతున్నారు. పేదవాళ్ళ ఇళ్ళకి పూటపూటా వెళ్ళే మనిషి రోజు విడిచి రోజు వెళ్తోంది. ఆ పైన ఫోన్లో పలకరించి ఊరుకుంటోంది. ఫోన్లో పలకరిస్తే పలకలేనివాళ్ళ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకి, రాజుగారింట్లో మూడో కాజా నోట్లో ఉండగానే లోవకుమారి కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రి మంచం పక్కన నిలబడి దమయంతి పరీక్ష కాగితం వదిన చేతికిచ్చింది. "రాజుగారు తిన్న తీపి రాజుగారి ఒంట్లోకి వెళ్ళలేదు వదినా. ఎక్కడికో అక్కడికి వెళ్ళాలి కదా. మిగతావాళ్ళకీ చూశాను. నలుగురికి షుగరు మొదలైంది, ఇద్దరికి బీపీ. నేను నరాల లెక్క చూసుకున్నాను గానీ కడుపు లెక్క చూసుకోలేదు." వీరవేణి ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు.

లోవకుమారి మాత్రం పడుకునే, "రేపటికి లెగిసిపోతానండి," అంది. "రాజుగారు ఎదురుచూత్తా ఉంటారు. పాపం, ఆయనకి నా నోరే దిక్కండి."

వీరవేణికి సిగ్గేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది తన యవ్వారం. సేవ చెయ్యమని పదిమందిని పోగేసి, వాళ్ళనే రోగుల్ని చేసి కూర్చుంది. దీన్ని ఆపాలి. ఆపితే రాబడి ఆగుతుంది, ఉగాది ఎంతో దూరంలో లేదు. ఏం చెయ్యాలో తోచక ఆసుపత్రిలోంచి నడుచుకుంటూ బయలుదేరితే, కాళ్ళు వాటంతట అవే తాతబ్బాయి ఇంటికి తీసుకెళ్ళాయి.

* * *

వీధిలోవాళ్ళెవరో పూటకింత జావ పోస్తున్నారు గానీ, తాతబ్బాయికి గడ్డం పెరిగిపోయింది. దుప్పటి మార్చి ఎన్నాళ్ళయిందో. వీరవేణి నీళ్ళు కాచి ఒళ్ళు తుడిచింది, దుప్పటి మార్చింది, గడ్డం గీసింది. ఆయన కళ్ళల్లోకి చూసే ధైర్యం మాత్రం రాలేదు. చివరికి పట్టీలు కట్టింది. ఆకలో కోపమో వస్తుందనుకుంది. వస్తే పడాల్సిందే అనుకుంది.

ఏమీ రాలేదు. కాసేపటికి దవడ కింద చిన్నగా నొక్కినట్టయింది. ఎడమచేతి వేళ్ళు గులగుల్లాడాయి. అప్పుడే పక్కింట్లోంచి పోపు వాసన వచ్చింది. ఆవాలు చిటపటలాడి, ఆగి, మాడటానికి సిద్ధంగా ఉన్నాయి. నొక్కుడు ఎక్కువైంది. వీరవేణి లేచింది, గోడ చుట్టూ తిరిగి పక్కింటి వంటింట్లోకి నేరుగా వెళ్ళి, స్టవ్వు తగ్గించి, బాణలి దించేసింది. దవడ వదులైంది.

పక్కింటి కోడలు గరిట పట్టుకుని నోరెళ్ళబెట్టి చూస్తోంది. "ఏటండి, ఏం కావాలి మీకు?"

"నాకేం వద్దమ్మా," అంది వీరవేణి. "తాతబ్బాయి గారికి నీ పోపు నచ్చలేదు."

పళ్ళ డాక్టరు రెండుసార్లు వచ్చిపోయిన రోగం అదీ. పక్కింట్లో పొద్దెక్కాక రోజూ పోపు మాడేది, గోడకి ఇవతల మేస్త్రి దవడ నొక్కుకుపోయేది.

ఆ ఇంట్లో అత్తగారు మంచం మీద మూలుగుతోంది. గుండె జబ్బు, ఉప్పు తగలకూడదన్నారు. చప్పిడి పప్పు తినలేనని రెండు రోజులుగా పస్తు. వీరవేణి ఆ పప్పు ఒక వేలు ముంచి నాలుకకి రాసుకుంది. గోడ అవతల తాతబ్బాయి ఒళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడటం తన ఒంట్లో తెలిసింది. ఎన్నేళ్ళకో ఆయన నాలుకకి ఒక రుచి తగిలింది. వెంటనే దవడ గట్టిగా నొక్కింది. నిమ్మకాయ పిండితే కొంచెం వదిలింది. అల్లం దంచి వేస్తే ఇంకొంచెం. నువ్వులు వేయించి పొడి చేసి వేస్తే, నొక్కుడు ఆవగింజంత మిగిలింది. ఎంత చేసినా ఆ ఆవగింజంత మాత్రం పోలేదు.

ముసలమ్మ ఒక ముద్ద తింది, రెండు తింది. "ఉప్పేసేరా?" అంది అనుమానంగా. లేదంటే నమ్మలేదు. ఇంకొంచెం అన్నం పెట్టమంది.

వీరవేణి పరుగులాంటి నడకతో మంచం దగ్గరికొచ్చింది. "తాతబ్బాయి గారూ, మా పెళ్ళిలో సాంబారు కాలవలో పోయించారు. మగపెళ్ళివారి చేత మాటలు పడి మళ్ళీ వండారు. ఆ బాకీ ఇన్నాళ్ళకి తీరుస్తాను. నా నాలుక అరువిస్తాను. వండుతారా?"

ఆయన ఎడమచెయ్యి పైకి లేచి, గాలిలో గరిట తిప్పినట్టు తిరిగింది.

* * *

వంతు భోజనం మర్నాడే ఆగిపోయింది. మూతబడిన పురపాలక కల్యాణ మండపంలో వంటశాల తెరిపించి, పొయ్యికి ఎదురుగా, ఒకప్పుడు తాతబ్బాయి పీట వేసుకుని కూర్చునే చోటే ఆయన మంచం వేశారు. ఆయాలు వండుతారు, వీరవేణి రుచి చూస్తుంది, ఆయన దవడ తీర్పు చెబుతుంది. షుగరు వాళ్ళకొకటి, ఉప్పు తగలకూడని వాళ్ళకొకటి, పళ్ళు లేనివాళ్ళకొకటి. డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటారు, లేనివాళ్ళకి ఊరికే వెళ్తుంది. క్యారేజీ ఇచ్చే వంకన ప్రతి ఇంటికీ రోజూ మనిషి వెళ్ళి, పక్క మార్చి, ఒళ్ళు తుడిచి వస్తుంది. ఈసారి వీరవేణి ఆ ఒక్క నియమం దగ్గర ఎవర్నీ కదలనివ్వలేదు.

రాజుగారు మొదటి రోజు క్యారేజీని గోడకేసి కొట్టారు. రెండో రోజు మూత తీసి వాసన చూశారు. మూడో రోజు, "రేపేం కూరండి?" అని కబురంపారు.

ఇంట్లో సత్తిబాబు కష్టాలు వేరు. వీరవేణి పట్టీ తీసేసి వచ్చినా మేస్త్రి వాసన పోయేది కాదు. కంచం ముందు కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని దవడ పట్టుకునేది.

"ఏంటి, తక్కువయ్యిందా?" అనేవాడు సత్తిబాబు భయంగా.

"ఇంగువ ముందేశారు."

"నేనొక కండక్టర్నే. మేస్త్రిని కాదు."

"ఆ సంగతి పప్పే చెబుతోంది లెండి," అనేసి, తర్వాత నాలుక కరుచుకునేది.

బాధల్లా ఒకటే. తాతబ్బాయి ఏనాడూ బాగుందనలేదు. ఊరంతా వేళ్ళు నాకుతున్నా, దవడ కింద ఆ ఆవగింజంత నొక్కుడు ఉండనే ఉండేది. "ఇంకేం కావాలండి మీకు?" అని వీరవేణి విసుక్కునేది. ఆయన కప్పువైపు చూస్తూ పడుకునేవాడు.

* * *

ఉగాదికి ముందే కమిటీ దిగింది. దానికి పెద్ద మాణిక్యాంబ గారు. నవ్వితే ఎక్కడ సంతకం పెట్టాల్సి వస్తుందోనన్నట్టుండే మనిషి. మండపం హాల్లో కుర్చీలో కూర్చుంటూనే, "ఆ వంతు భోజనం చూపించండి. మేం వచ్చిందే అందుకు," అన్నారు.

కమిషనర్ గారు వీరవేణి చెవిలో, "ఆపేశామని మాత్రం అనకండి," అన్నారు.

"ఆపేశామండి," అంది వీరవేణి. "మా పిల్లలు జబ్బున పడ్డారు. ఇప్పుడు పత్యం వంట చేస్తన్నాం. ఉప్పు లేకుండా. భోంచేసి చూడండి."

మాణిక్యాంబ గారి మొహం ముడుచుకుంది. "బాగా నడుస్తున్నదాన్ని ఆపేసి చప్పిడి కూడు మొదలుపెట్టారా?" అంటూ కమిటీవాళ్ళ వైపు చూశారు. వాళ్ళు వాచీలు చూసుకున్నారు. వీరవేణి సర్దిచెప్పబోయింది. వంటశాలలో మంచం మీదున్న మనిషి గుర్తొచ్చి నిలదొక్కుకుంది.

విస్తళ్ళు వేశారు. వడ్డన లోవకుమారిది. మాణిక్యాంబ గారు అయిష్టంగా ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. రెండో ముద్ద పెద్దది కలిపారు. "నాకు బీపీ అమ్మా. ఉప్పు మానేసి ఎనిమిదేళ్ళయింది. ఇందులో నిజంగా ఉప్పు లేదా?"

"లేదండి," అంది వీరవేణి గర్వంగా.

"ఆశ్చర్యంగా ఉంది. ఇలాంటిది ప్రతి ఊళ్ళోనూ పెట్టాలి," అన్నారావిడ. నవ్వారు కూడా. కమిషనర్ గారు ఊపిరి వదిలారు.

వీరవేణికీ ప్రాణం లేచొచ్చింది. వడ్డించే గిన్నెలోంచి ఇంత పప్పు, పట్టీ కట్టి ఉన్న చేతిలోనే వేసుకుని నాకింది.

ఉప్పు. సరిగ్గా, కొలిచినట్టు, పెళ్ళి వంటలో పడాల్సినంత ఉప్పు. పైన నెయ్యి కూడా.

లోవకుమారి వైపు చూసింది. ఆ పిల్ల తల దించుకుని గొణిగింది. "పెద్దాఫీసర్లండి. ఊరుగాని ఊరొచ్చి మన పందిట్లో చప్పిడి కూడు ఎలా తింటారండి? మనసొప్పలేదండి. వాళ్ళకి మట్టుకే ఏరే గిన్నెలో కలిపేను."

బొబ్బట్టు తిన్న మర్యాదే ఇప్పుడు ఉప్పు కలిపింది. ఊరుకుంటే చాలు. మాట్లాడకుండా నిలబడితే సంతకం పడుతుంది, సంఘం నిలబడుతుంది, తాతబ్బాయికి చివరిదాకా మనిషి దొరుకుతుంది. వీరవేణి ఊరుకోవాలనే అనుకుంది. నిజంగా అనుకుంది.

అప్పుడు దవడ నొక్కింది. అది ఆవగింజంత కాదు, పళ్ళు పటపటలాడేటంత. వంటశాలలోంచి ఒక మనిషి కోపం మొత్తం సెగలా వచ్చి ఆవిడ చెవుల దాకా పాకింది. ఉప్పు లేకుండా రుచి పుట్టించాలని వారాల తరబడి తన చెయ్యి చేసిన పనిని, ఎవరో నమ్మకం లేక గుప్పెడు ఉప్పుతో చెరిపేశారు.

"ఎత్తండి విస్తళ్ళు," అంది వీరవేణి. హాలంతా మారుమోగింది. "నా పందిట్లో ఈ కూడు వడ్డించడానికి వీల్లేదు."

అని ఊరుకోలేదు. వంగి, మాణిక్యాంబ గారి చెయ్యి విస్తట్లో ఉండగానే, విస్తరి లాగేసింది. తింటున్న మనిషి ముందు నుంచి విస్తరి లాగడం అంకాలపేటలో ఎవరూ కనీ వినీ ఎరగరు. కమిషనర్ గారు గోడకి ఆనుకున్నారు. లోవకుమారి ఏడుపు మొదలెట్టింది. ఆ మాట అన్నది తనో, తాతబ్బాయో వీరవేణికి ఈనాటికీ తేల్చుకోవడం చేతకాలేదు. ఒంట్లో కోపం ఆయనదే. నోరు మాత్రం తనది.

"ఇందులో ఉప్పు పడిందండి," అంది, ఈసారి మామూలు గొంతుతో. "మా పిల్ల మర్యాదకి వేసింది. మీకు బీపీ. మా రోగులు తినేది ఇది కాదు, వేరే ఉంది. అది తిని చెప్పండి. బాగాలేకపోతే బాగాలేదని రాయండి."

ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని మాణిక్యాంబ గారు వీరవేణిని ఎగాదిగా చూశారు. తర్వాత, "వడ్డించండి," అన్నారు.

రోగుల గుండిగలోంచి పప్పు వచ్చింది. ఆవిడ తిన్నారు. నవ్వలేదు, మెచ్చుకోలేదు. విస్తరి ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"మొదటిదే బాగుంది," అన్నారు చివరికి.

వీరవేణి ఖాళీ విస్తరి ఎత్తడానికి వంగింది.

"ఇదైతే రోజూ తినొచ్చు," అన్నారావిడ, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. "మా ఆఫీసులో అందరూ నాకు ఉప్పేసి లేదని చెప్పేవాళ్ళేనమ్మా. విస్తరి లాగేసినవాళ్ళు ఇంతవరకూ తగల్లేదు. సంఘం మీదే ఉంచుకోండి. కాగితాలు పంపిస్తాను. ఇంకొంచెం పప్పు ఉంటే డబ్బాలో పెట్టివ్వండి."

* * *

కమిటీ వెళ్ళింది. కమిషనర్ గారు అల్లం టీ కోసం తనే మనిషిని పంపారు. లోవకుమారి ముక్కు తుడుచుకుంటూ క్యారేజీలు సర్దుకుని ఆటో ఎక్కింది. డబ్బులివ్వలేని ఇళ్ళ క్యారేజీలు ఎప్పట్లాగే ముందు వెళ్ళాయి.

పెళ్ళి పందిట్లో వంటవాళ్ళు తినేది అందరి తర్వాతే. వీరవేణి పట్టీ కట్టుకుని రుచి చూడటమే గానీ, విస్తరేసుకుని తిన్నది ఏనాడూ లేదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గుండిగ అడుగున మిగిలిన చప్పిడి పప్పు, నాలుగు మెతుకులు విస్తట్లో వేసుకుని తాతబ్బాయి మంచం పక్కన కింద కూర్చుంది. ఆవిడ ఆకలి ఆయనకి ఎప్పుడో చేరింది. ఎడమచెయ్యి కదిపి, తిను తిను అన్నట్టు సైగ చేశాడు.

"తింటానండి. మీరు కూడా రండి," అంది.

మొదటి ముద్ద పెట్టుకుని, అలవాటు కొద్దీ దవడ మీద చెయ్యేసి, నొక్కుడు కోసం చూసింది. రాలేదు. రెండో ముద్ద పెట్టుకుని ఆగింది. రాలేదు. నమ్మకం చాలక మూడోది కూడా తింది. దవడ తేలిగ్గా ఉంది. ఒళ్ళంతా ఎంతో హాయిగా, కడుపు నిండిన మనిషి అరుగు మీద నడుం వాల్చినట్టుంది.

పట్టీలో ఛార్జింగు అయిపోయిందేమోనని వీరవేణి చెయ్యి ఎత్తి చూసుకుంది.

పచ్చదీపం వెలుగుతూనే ఉంది. తాతబ్బాయి కళ్ళు మూసుకుని, ఖాళీ నోరు మెల్లగా నములుతున్నాడు.